జాకీ ఎందుకు దిగిపోదు? – వర్క్‌షాపు మాస్టారి జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు జాకీల మీదే ఉన్నాయి. రెండు మా శ్రీకాకుళం వైపు నుంచి, రెండు మా విజయనగరం వైపు నుంచి. రెండు జిల్లాలూ ‘మావే’ అంటున్నానని నవ్వకండి. ఒకచోట పుట్టాను, ఇంకోచోట ఐటీఐలో టర్నర్ ట్రేడు పిల్లలకు లేతు నేర్పి రిటైరయ్యాను. ఉత్తరాలు కలిపి వేస్తున్నాం కాబట్టి మొదటి జవాబు జాగ్రత్తగా చదివితే మిగతావి సులువుగా అర్థమవుతాయి.

ప్రశ్న: మా ఇల్లు నాగావళికి దగ్గర్లో ఉంది. రోడ్డు వేసిన ప్రతిసారీ ఎత్తు పెంచుకుంటూ పోయారు. ఇప్పుడు మా గుమ్మం రోడ్డుకు దిగువన పడింది, వాన పడితే నీళ్లన్నీ ఇంట్లోకే. జాకీలు పెట్టి ఇంటిని మూడడుగులు లేపుతామని ఒక పార్టీ వచ్చింది. పగలైతే మనుషులు ఉంటారు, సరే. రాత్రి ఎవరూ పట్టుకోకపోతే ఇంటి బరువుకి జాకీలు వాటంతటవే వెనక్కి తిరిగి దిగిపోవా? పైగా వాటి మరలకు గ్రీజు కూడా పూస్తారట. మా అత్తగారు ఈ టెన్షన్‌తో సరిగ్గా నిద్రపోవడం లేదు. – ఒక గృహిణి, శ్రీకాకుళం

జవాబు: అమ్మా, ముందు మీ అత్తగారిని నిశ్చింతగా పడుకోమనండి. ఆ పనికి వాడే మర జాకీలు ఎవరూ తిప్పకుండా దిగవు. ఇల్లు లేపే పనిలో భయపడాల్సినవి వేరే ఉన్నాయి, వాటి దగ్గరికి తర్వాత వస్తాను.

ఒక కాగితాన్ని మూలకు కోసి, వాలు అంచు బయటికి కనిపించేలా పెన్సిలుకి చుట్టి చూడండి. ఆ అంచు మెలికలు తిరుగుతూ పైకి పోతుంది. మర అంటే అదే, కడ్డీకి చుట్టిన వాలు. జాకీ తిప్పుతున్నామంటే ఇంటి బరువును ఆ వాలు మీదుగా కొద్దికొద్దిగా పైకి తోస్తున్నామన్నమాట. అందుకే మీ ప్రశ్నను ఇలా మార్చుకోవచ్చు: వాలు మీద పెట్టిన బరువు ఎప్పుడు జారుతుంది, ఎప్పుడు ఆగుతుంది?

బియ్యం మిల్లు దగ్గర లారీకి చెక్క వాల్చి బస్తాలు ఎక్కించడం చూసే ఉంటారు. చెక్క మరీ నిటారుగా ఉంటే బస్తా సర్రున కిందికి వచ్చేస్తుంది. బాగా వాల్చి పెడితే సగం దూరంలో వదిలేసినా అక్కడే కూర్చుంటుంది. ఈ రెంటికీ మధ్య ఒక హద్దు ఉంది. ఆ హద్దును తేల్చేది చెక్కకీ బస్తాకీ మధ్య ఉన్న రాపిడి. బస్తా బరువుకి అందులో పాత్ర లేదు. వినడానికి వింతగా ఉంటుంది కానీ నిజం. బరువు పెరిగితే కిందికి లాగే బలం పెరుగుతుంది. అదే లెక్కన చెక్కను నొక్కే బలమూ పెరుగుతుంది కాబట్టి రాపిడీ పెరుగుతుంది. పాతిక కిలోల బస్తా ఆగే వాలు మీద వంద కిలోల బస్తా కూడా ఆగుతుంది. ‘ఇంటి బరువుకి’ అని మీరు రాశారు చూడండి, మీ భయమంతా ఆ మాటలోనే ఉంది. ఇల్లు ఎంత బరువైతే మర అంత గట్టిగా పట్టుకుంటుంది. జాకీ ఎన్ని టన్నులకు చేసిందో ఆ లోపల ఉండాలి, అంతే. అది ఇనుము బలానికి సంబంధించిన సంగతి, జారడానికి సంబంధించింది కాదు.

ఇప్పుడు అంకెలు చూద్దాం. మర మధ్య వ్యాసం 35 మిల్లీమీటర్లు, పిచ్ (ఒక చుట్టుకి మర ఎక్కే ఎత్తు) 6 మిల్లీమీటర్లు ఉన్న జాకీ ఒకటి అనుకోండి. ఒక చుట్టు తిరిగితే మర వెంట దాదాపు 110 మిల్లీమీటర్లు నడిచినట్టు, ఎక్కేది మాత్రం 6 మిల్లీమీటర్లే. అంటే వాలు 3 డిగ్రీలకు కాస్త ఎక్కువ. గ్రీజు పూసిన ఇనుప మరల్లో రాపిడి గుణకం, అంటే రాపిడి ఎంతో చెప్పే అంకె, 0.12 దగ్గర ఉందనుకుంటే, బరువు జారాలంటే వాలు దాదాపు 7 డిగ్రీలు ఉండాలి. మనది మూడే. పొడిగా ఉంటే గుణకం 0.2 దాకా పోతుంది, అప్పుడు 11 డిగ్రీల వాలున్నా కదలదు. కాబట్టి గ్రీజు వల్ల పట్టు కొంత తగ్గే మాట నిజమే అయినా, తగ్గాక కూడా కావాల్సిన దానికి రెట్టింపు మిగిలే ఉంటుంది. గ్రీజు లేకపోతేనే ఇబ్బంది. మరలు ఒకదాన్నొకటి కొరుక్కుని పట్టేస్తాయి, తిప్పేవాళ్ల నడుములు పడిపోతాయి.

ఆ రాపిడికి మనం కట్టే ధర ఎంతో కూడా చూడండి. జాకీ మీద 2 టన్నులు పడిందనుకుందాం, తిప్పే రాడ్డు అరమీటరు పొడవు. రాపిడే లేకపోతే చివర పట్టుకుని 4 కిలోల బలంతో తోస్తే చాలు, ఇల్లు లేస్తుంది. మరలో రాపిడి ఉంది కాబట్టి 12 కిలోల బలం పెట్టాలి. పడ్డ కష్టంలో మూడో వంతే ఇంటికి చేరుతోంది, మిగతాదంతా మర తినేస్తోంది. జాకీ తల దగ్గర తిరిగే చోట పోయేది ఇంకా అదనం. దండగ అనిపిస్తుంది కదా? కానీ రాత్రి ఇంటిని పట్టుకునేది ఆ దండగే. లేపేటప్పుడు రాపిడి కోసం పెట్టే బలం బరువు కోసం పెట్టే బలం కంటే ఎక్కువైతే, చెయ్యి వదిలాక బరువు ఒక్కటే మిగిలి ఆ రాపిడిని గెలవలేదు. జాకీ ఆగిపోతుంది.

నమ్మకం కుదరకపోతే మీ ఇంటి దగ్గర పని మొదలుపెట్టే రోజున ఇది చూడండి. బరువు మీద ఉన్న ఒక జాకీని కాస్త దించమని మేస్త్రీని అడగండి. దించడానికి కూడా అతను రాడ్డు పెట్టి తోయాల్సిందే. పైన చెప్పిన జాకీనే దించాలంటే నాలుగున్నర కిలోల బలం కావాలి. దించడానికే బలం పెట్టాల్సిన జాకీ తనంతట తాను దిగదని వేరే చెప్పాలా?

రోడ్డు మీద లారీలు పోతే వచ్చే అదురు సంగతేమిటని మీ అత్తగారు అడగొచ్చు. మంచి ప్రశ్నే. నట్లు అదురుకి వదులవడం మనం రోజూ చూస్తున్నదే. 1969లో గెర్హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజినీరు దీన్ని పరీక్ష చేసి చూపించాడు. బోల్టును పొడవు వెంట లాగి వదలడం కంటే అడ్డంగా అటూ ఇటూ జరిపితే నట్టు తొందరగా ఊడుతుందని తేలింది. మరలు పక్కకు జారుతున్నంతసేపూ రాపిడి అంతా ఆ దిక్కున ఖర్చయిపోతుంది, తిరగకుండా ఆపడానికి మిగలదు. ఇల్లు జాకీల మీద నిటారుగా, టన్నుల కొద్దీ నొక్కి కూర్చుని ఉంటుంది కాబట్టి లారీ అదురుకి మరలు పక్కకు జరగడం కష్టం. అయినా తెలిసిన మేస్త్రీ దాని మీద ఆధారపడడు. లేపిన కొద్దీ ఖాళీలో దిమ్మెలో, ఇటుక కట్టో పేర్చుకుంటూ పోతాడు. మీరు ఖాయం చేసుకోవాల్సింది ఇదే: సాయంత్రం పని ఆపేసరికి ప్యాకింగ్ ఉండాలి, ఇల్లు ఒట్టి జాకీల మీద ఉండకూడదు. ఒప్పందం కాగితంలో ఈ మాట రాయించండి.

ఇక అసలు భయపడాల్సిన వాటికి వద్దాం. మొదటిది జాకీ కింద నేల. 2 టన్నుల బరువు 20 సెంటీమీటర్ల చదరపు ప్లేటు మీద పడితే, చదరపు మీటరుకు 50 టన్నుల ఒత్తిడి. మామూలు నేలలు సురక్షితంగా మోసేది 10 నుంచి 20 టన్నులు. ఏటి ఒడ్డు ఇసక నేల, అందులోనూ తడిసింది, అంత కూడా మోయదు. జాకీ మరలో పట్టు ఎంత ఉంటే ఏం, జాకీయే భూమిలోకి దిగితే? అదే జాకీ కింద 60 సెంటీమీటర్ల చదరపు గట్టి దిమ్మె వేస్తే ఒత్తిడి ఆరు టన్నుల లోపుకి వచ్చేస్తుంది. ఆ దిమ్మెలు వాళ్ల లారీలో ఉన్నాయో లేదో అడ్వాన్సు ఇవ్వక ముందే చూసుకోండి.

రెండోది అందరూ ఒకేలా తిప్పడం. 6 మిల్లీమీటర్ల పిచ్‌కి పావు చుట్టు అంటే ఒకటిన్నర మిల్లీమీటరు. మేస్త్రీ సైగ చేస్తే అందరూ పావు చుట్టు తిప్పి ఆగాలి. ఒకడు హుషారుగా నిండు చుట్టు తిప్పాడంటే ఆ చోట గోడ పక్కదానికంటే నాలుగున్నర మిల్లీమీటర్లు పైకి లేస్తుంది, సిమెంటు గోడకు పగులు రావడానికి అది చాలు. మూడడుగులంటే అలాంటి పావు చుట్లు ఆరు వందలకు పైనే. తొందరపడే పార్టీ అయితే వద్దనండి. మూడోది పాత జాకీలు. మరను తిప్పకుండా చేత్తో పైకీ కిందికీ ఊపితే లటలటలాడుతుంటే లోపలి నట్టు అరిగినట్టే, దాన్ని పక్కన పెట్టించండి. నాలుగోది, వానలూ తుపానుల కాలంలో పని పెట్టుకోకండి. 2018లో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది అక్టోబరు 11న. మన వైపు అక్టోబరుని నమ్మడానికి లేదు. సంక్రాంతి వెళ్లాక మొదలుపెట్టించండి. అన్నిటికంటే ముందు మీ పునాది, గోడలు లేపడానికి పనికొస్తాయో లేదో ఒక సివిల్ ఇంజినీరుతో చూపించండి. ఆ మాట లేపే పార్టీ నోటి నుంచి విని ఊరుకోవద్దు.

ప్రశ్న: నేను గజపతినగరం నుంచి లారీ డ్రైవర్ని. సాలూరు, కొరాపుట్ లైన్లో తిరుగుతుంటాను. ఘాట్ దిగాక వెనక టైరు పంక్చరైతే ఆయిల్ జాకీ పెట్టి లేపాను. టైరు విప్పి, స్టెప్నీ దించి వచ్చేసరికి లారీ రెండంగుళాలు కిందికి దిగి ఉంది. మా నాన్న కాలంలో మర జాకీ ఉండేది, తిప్పలేక చచ్చేవాళ్లం గానీ అదెప్పుడూ దిగలేదు. ‘ఈ జాకీ మోసం చేసింది మాస్టారూ’ అంటే షాపువాడు నవ్వుతున్నాడు. కొత్తది కొనాలా?

జవాబు: బాబూ, మోసమేమీ లేదు, దాని స్వభావమే అంత. మీ నాన్నగారి జాకీని పట్టి ఉంచింది మరలోని రాపిడి. ఆయిల్ జాకీలో రాపిడి తక్కువ, అందుకే అంత బరువైన లారీని ఒంటి చేత్తో లేపగలుగుతున్నారు. లారీ కిందికి రాకుండా ఆపేది లోపల ఉండే చిన్న స్టీలు గోళీ. పంపు కొట్టినప్పుడు ఆయిల్ దాన్ని తోసుకుని లోపలికి పోతుంది. వెనక్కి రాబోతే ఆ గోళీయే కన్నానికి అడ్డం పడుతుంది. ఆయిల్ ఒత్తిడి ఎంతో తెలుసా? రామ్ (ఆయిల్ తోస్తే పైకి లేచే కడ్డీ) వ్యాసం 40 మిల్లీమీటర్లు, దాని మీద 3 టన్నులు అనుకోండి. చదరపు సెంటీమీటరుకు 240 కిలోల దాకా వస్తుంది. మీ టైరులో కొట్టించే గాలి ఎనిమిది కిలోలు. ఆ ఒత్తిడి దగ్గర గోళీ కింద ఇసక రేణువు ఒకటి ఇరుక్కున్నా, రామ్ చుట్టూ ఉన్న సీలు కాస్త గీరుకున్నా, దించే వాల్వు పూర్తిగా బిగియకపోయినా ఆయిల్ దారి వెతుక్కుంటుంది. రెండంగుళాలంటే మాత్రం మీ జాకీకి రిపేరు కావాలి. ముందు దించే వాల్వు బిగించి, పాత ఆయిల్ తీసి కొత్తది పోయించి చూడండి. అయినా దిగుతుంటే సీళ్లు మార్పించండి. కొత్తది కొనేంత అవసరం అప్పుడే రాదు.

పెద్ద పనుల్లో ఈ రెంటినీ కలిపేశారు. వంతెన గర్డర్లను లేపి కింద బేరింగులు మార్చేటప్పుడు వాడే ఆయిల్ జాకీల్లో రామ్‌కి బయటి వైపు మర కోసి ఉంటుంది, దానికో పెద్ద నట్టు. ఆయిల్‌తో లేపి, నట్టుని కిందికి తిప్పి జాకీ ఒంటికి ఆనించేస్తారు. ఆ తర్వాత ఆయిల్ ఒత్తిడి వదిలేసినా సరే, బరువు మర మీద కూర్చుని ఉంటుంది. మీ లారీ జాకీకి ఆ సదుపాయం లేదు. మీ జాకీ తలలో ఒక పొడుగు మర బయటికి తిరుగుతుంది కదా, అది జాకీకీ యాక్సిల్‌కీ మధ్య ఖాళీ పూడ్చడానికే. అది తిరిగి దిగదు గానీ కింద రామ్ దిగితే దాంతో పాటు అదీ దిగుతుంది.

జాకీ ఎక్కిన వెంటనే యాక్సిల్ కింద చెక్క దిమ్మె పెట్టండి. మిగతా చక్రాలకు ముందూ వెనకా అడ్డురాళ్లు వేయండి. తీసిన టైరుని ఛాసిస్ కిందికి తోసి ఉంచండి, లారీ దిగినా దాని మీద ఆగుతుంది. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరకండి. ఈ మాట మర జాకీకి కూడా చెబుతున్నాను. అది దిగకపోవచ్చు గానీ పక్కకు ఒరగొచ్చు.

ప్రశ్న: నేను బొబ్బిలిలో మెకానికల్ డిప్లొమా చదువుతున్నాను. పాఠం ప్రకారం, పళ్లు ‘V’ ఆకారంలో ఉండే వి మరలో రాపిడి, పళ్లు చదరంగా ఉండే చదరపు మర కంటే ఎక్కువ. జాకీకి కావాల్సింది రాపిడే అయితే వి మరే వాడొచ్చు కదా? మా సర్ మాత్రం జాకీకి చదరపు మరే మేలంటారు. అలాగే తనంతట తాను ఆగే జాకీ సామర్థ్యం (పెట్టిన కష్టంలో బరువు లేపడానికి చేరే వంతు) 50 శాతం దాటదని పుస్తకంలో ఉంది. దాటేలా చేయడం కుదరదా?

జవాబు: మీ సర్ చెప్పిందే రైటు, మీ ప్రశ్న కూడా బాగుంది. వి మర రెండు వైపులూ వాలుగా ఉంటాయి కాబట్టి అదే బరువుకి మర ముఖాల మీద నొక్కుడు ఎక్కువ పడుతుంది. మెట్రిక్ మర కోణం 60 డిగ్రీలు, సగం 30. లెక్క చేస్తే రాపిడి చదరపు మర కంటే 15 శాతం పెరుగుతుంది. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ ఇంగ్లండులో ప్రతిపాదించిన మర కోణం 55 డిగ్రీలు, దానిదీ దాదాపు అదే కథ. బోల్టుకి ఇది వరం. ఒకసారి బిగిస్తే ఉండాలి, మళ్లీ మళ్లీ తిప్పే పని లేదు. జాకీ రోజంతా బరువు మీద తిరగాలి. పైన శ్రీకాకుళం అమ్మగారికి చెప్పిన లెక్కలో చదరపు మరకే కావాల్సిన పట్టుకి రెట్టింపు ఉంది. ఆగడానికి సరిపడా ఉన్నాక అంతకు మించి ప్రతి కిలో రాపిడీ కూలివాడి భుజం మీదే పడుతుంది. అదీ కాక వి మర నట్టుని బయటికి తోస్తుంది, పోత నట్టు అయితే పగిలే ప్రమాదం ఉంది.

మరి మార్కెట్లో జాకీలు చాలావాటికి ట్రెపిజాయిడల్ మర (పళ్ల పక్కలు కాస్త వాలుగా ఉండేది) ఎందుకంటారా? చదరపు మర లేతు మీద కోయడం ఎంత చిరాకో మీ వర్క్‌షాపులో ఒకసారి ప్రయత్నించండి. టూలు పక్కలు రాసుకుంటాయి, సరిగ్గా గ్రైండు చేయకపోతే మర ముఖం గీతలు పడుతుంది. 30 డిగ్రీల ట్రెపిజాయిడల్ మర కోయడం సులువు, మొదలు దగ్గర మందం ఎక్కువ కాబట్టి బలమూ ఎక్కువే. రాపిడి పెరిగేది మూడున్నర శాతమే. ఆ మాత్రానికి ఎవరూ బాధపడరు.

ఇక 50 శాతం సంగతి. వాలు కోణం రాపిడి కోణంతో, అంటే బరువు జారడం మొదలయ్యే వాలుతో, సమానమైన చోట జాకీ హద్దు మీద ఉంటుంది. ఆ చోట సామర్థ్యం సూత్రం వేసి చూడండి, 50కి రవ్వంత తక్కువ వస్తుంది. వాలు ఇంకా పెంచితే సామర్థ్యం పెరుగుతుంది, జాకీ దిగిపోవడమూ మొదలవుతుంది. రెండూ ఒకే మరలో కోరుకోకూడదు. కావాలని దిగేలా చేసిన మరలు కూడా ఉన్నాయి. మీ ల్యాబులో రేకుల్ని గుద్దే చేతి ఫ్లై ప్రెస్ ఉంటే దాని మర చూడండి. ఒకే కడ్డీ మీద రెండు మూడు మరలు పక్కపక్కనే కోసి ఉంటాయి, వాలు నిటారుగా ఉంటుంది. గుద్దిన తర్వాత దానంతట అదే వెనక్కి తిరగాలని అలా చేస్తారు. కంప్యూటరుతో నడిచే సీఎన్‌సీ మిషన్లలో బాల్ స్క్రూ ఉంటుంది, మరల మధ్య గుళ్లు దొర్లుతాయి. సామర్థ్యం 90 శాతం దాకా వస్తుంది. కరెంటు పోతే నిలువుగా ఉన్న హెడ్డు కిందికి వచ్చేస్తుంది కాబట్టి దానికి బ్రేకు తప్పదు. పరీక్షలో ‘60 శాతం సామర్థ్యంతో, బ్రేకు లేకుండా ఆగే జాకీ’ అని అడిగారనుకోండి, లెక్క మొదలుపెట్టకుండా కుదరదని కారణం రాసేయండి. మార్కులు వేస్తారా లేదా అన్నది మీ అదృష్టం.

ప్రశ్న: మా కారు డిక్కీలో ఉన్న కత్తెరలా మడిచే జాకీ కింద ఉన్నప్పుడు తిప్పడం చాలా కష్టంగా ఉంటుంది, పైకి వచ్చేకొద్దీ తేలికవుతుంది. పైకి లేపేకొద్దీ బరువు పెరగాలి కదా? – ఒక ఉపాధ్యాయుడు, టెక్కలి

జవాబు: మాస్టారూ, బరువు అంతే ఉంటుంది, మరను లాగే బలమే మారుతుంది. చేతులు నేలకి 15 డిగ్రీల్లో పడుకుని ఉన్నప్పుడు అడ్డంగా ఉన్న మర మీద పడే లాగుడు కారు ఆ మూల బరువుకి దాదాపు నాలుగు రెట్లు. 45 డిగ్రీలకు లేచేసరికి సరిగ్గా ఆ బరువంత. మర మాత్రం రెండు చోట్లా ఒకేలా పట్టుకుంటుంది, ఎందుకో పైన చదివారు కదా. కష్టం తగ్గాలంటే కారు బాడీకి జాకీ తగిలేదాకా చేత్తోనే తిప్పండి, రాడ్డు తర్వాత పెట్టండి. మర మీద మట్టి తుడిచి గ్రీజు రాయండి. చక్రం నట్లు మాత్రం జాకీ ఎక్కించక ముందే ఒక పట్టు వదులు చేసుకోండి. గాల్లో ఉన్న చక్రం నట్లతో కుస్తీ పడితే కారు జాకీ మీద నుంచి పక్కకు వస్తుంది.